దవడ కండరాల నొప్పికి తిండి మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

దవడ నొప్పితో నెలల తరబడి తిరిగినవాళ్లు దాదాపు అందరూ చివరికి అడిగేది ఒకటే: "మరి నేనేం తినాలి?" "మెత్తగా తినండి" అని ఒక్క మాట చెప్పి పంపేస్తే కొందరు నెలల పాటు జావ మీదే బతికి నీరసించి వస్తారు. ఇంకొందరు నొప్పి కాస్త తగ్గగానే మటన్ బిర్యానీకి కూర్చుంటారు. రెండూ నష్టమే. దంతవైద్యురాలిగా నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇదంతా పెద్దవాళ్ల నొప్పి గురించి. పిల్లల విషయం వేరు, వాళ్లను డాక్టర్‌కి చూపించి తీరాలి.

## మొదలుపెట్టే ముందు

నాది కండరాల నొప్పో, పంటి నొప్పో ఎలా తెలుసుకోవాలి?

రెండు చేతుల వేళ్లనూ బుగ్గల మీద, చెవికి కాస్త ముందు, దవడ మూల దగ్గర పెట్టి పళ్లు గట్టిగా కరవండి. వేళ్ల కింద ఒక ముద్ద లేస్తుంది. అది మాసెటర్, నమలడానికి వాడే కండరాల్లో ముఖ్యమైనది. ఇప్పుడు కణతల మీద పెట్టి మళ్లీ కరవండి, అక్కడ కదిలేది టెంపొరాలిస్. పళ్లు వదులు చేసి ఈ రెండు చోట్లా అయిదు సెకన్లు గట్టిగా నొక్కండి. "ఇదే, రోజూ వచ్చే నొప్పి ఇదే" అనిపిస్తే అది కండరానిది అయ్యే అవకాశం ఎక్కువ.

పంటి నొప్పి చాలాసార్లు ఒకే పంటి దగ్గర ఉంటుంది, చల్లటిదో వేడిదో తగిలితే జివ్వుమంటుంది. కండరం నొప్పి విశాలంగా, బరువుగా, లాగుతున్నట్టు ఉంటుంది. అయితే మాసెటర్ నొప్పి దవడ పళ్లలోకి పాకగలదు. ఏ లోపమూ లేని పంటికి రూట్ కెనాల్ చేయించుకుని, నొప్పి అలాగే ఉందని వచ్చేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడకుండానే పన్ను పీకేద్దామంటే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

దవడ కదిపితే టక్కుమని శబ్దం వస్తోంది. అది కూడా తిండి వల్లేనా?

కాదు. ఆ శబ్దం కీలులో ఉండే చిన్న డిస్క్ జరగడం వల్ల వస్తుంది. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ శబ్దం మాత్రమే ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. తిండీ మార్చక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ముందు తిండి మార్చి చూడొచ్చా?

కొన్ని లక్షణాలుంటే అసలు ఆగకూడదు. మెట్లు ఎక్కినప్పుడో బరువు మోసినప్పుడో దవడ నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసమో ఛాతీలో బరువో ఉంటే అది గుండె నొప్పి కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. 50 ఏళ్లు దాటినవాళ్లకు నమిలే కొద్దీ దవడ లాగేసి, ఆపగానే తగ్గుతూ, దానితోపాటు కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలినా మాడు నొప్పి, చూపు మసకబారడం ఉంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. అందులో ఆలస్యమైతే చూపు పోవచ్చు. బుగ్గ వాచి జ్వరం రావడం, మింగలేకపోవడం, ముఖం ఒక పక్క తిమ్మిరెక్కడం, గడ్డ తగలడం, గాయం తర్వాత దవడ బిగుసుకుపోవడం కూడా ఇంట్లో కూర్చుని చూసుకునేవి కావు.

ఇవేవీ లేకుండా నమిలినప్పుడు మందంగా నొప్పి, పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉండటం మాత్రమే అయితే, అపాయింట్‌మెంట్ దొరికేలోపు తిండి మార్పులు మొదలుపెట్టొచ్చు.

గుట్కా, వక్కపొడి అలవాటు ఉంది. నా దవడ పట్టేయడానికి అదే కారణమా?

అయ్యుండొచ్చు. మన దగ్గర ఈ ప్రశ్న ఎంతమంది అడిగినా తక్కువే. వక్క నమిలేవాళ్లకు బుగ్గల లోపలి పొర గట్టిపడి, తెల్లబడి, నోరు నెలనెలా కొంచెం కొంచెంగా మూసుకుపోయే జబ్బు వస్తుంది. దాన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కారం తగిలితే నోరు మండటం దాని మొదటి గుర్తుల్లో ఒకటి. ఇది కండరాల నొప్పి కాదు, మెత్తటి తిండితో తగ్గేది అసలే కాదు. కొందరిలో కాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలవని వక్క ఒక్కటే అయినా కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది.

మీ మూడు వేళ్లు నిలువుగా పెడితే ముందు పళ్ల మధ్య పడుతున్నాయా చూసుకోండి. పట్టకపోయినా, కారానికి నోరు మండుతున్నా ఈ వారమే దంతవైద్యుడికి చూపించుకోండి. అలవాటు ఈరోజే ఆపేయండి.

తిండి మారిస్తే నొప్పి నిజంగా తగ్గుతుందా?

చాలామందికి తగ్గుతుంది, కానీ తిండిలో మందు ఉండి కాదు. నమలడం తగ్గితే అలిసిపోయిన కండరానికి విశ్రాంతి దొరుకుతుంది, అంతే. బెణికిన కాలును కొన్నాళ్లు కింద మోపకుండా ఉంచడం లాంటిది ఇది. అందుకే ఏం తింటున్నారన్నదానికంటే ఎంత గట్టిది, ఎంత సేపు, ఎంత నోరు తెరిచి నములుతున్నారన్నదే ముఖ్యం.

2023లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక దీర్ఘకాలిక దవడ నొప్పికి ఒక అంతర్జాతీయ మార్గదర్శకం ప్రచురించింది. అది గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, చేత్తో చేసే ఫిజియోథెరపీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), నొప్పి గురించి సరైన అవగాహన. ప్రత్యేకమైన డైట్ ఏదీ ఆ గట్టి సిఫారసుల్లో లేదు. ఎవరైనా "ఈ డైట్‌తో దవడ నొప్పి మాయం" అని ప్యాకేజీ అమ్ముతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

## మొదటి రెండు వారాలు

మెత్తటి తిండి అంటే ఏమేం తినొచ్చు?

వేళ్లతో నొక్కితే నలిగేది ఏదైనా తినొచ్చు. మన వంటింట్లో ఇలాంటివాటికి కొదవ లేదు: ఇడ్లీ, ఉప్మా, కట్టె పొంగలి, మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, పెసరకట్టు, చారు, పెరుగన్నం, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడి కూరలు, కోడిగుడ్డు పొరటు, ముల్లు తీసిన చేప. పండ్లలో అరటి, బొప్పాయి, సపోటా, పండిన మామిడి. రాగి సంగటి మరీ మంచిది. రాయలసీమలో దాన్ని ఎటూ నమలరు, పులుసులో ముంచి మింగేస్తారు. దోసె కావాలంటే కరకరలాడేలా కాల్చకుండా ఊతప్పంలా మందంగా వేయించుకోండి.

ఏవి మానెయ్యాలి?

గట్టివి, సాగేవి, పెద్ద ముక్కలు. జంతికలు, చేగోడీలు, సకినాలు, వేయించిన బఠాణీలు, పల్లీ చిక్కీ గట్టివి. మామిడి తాండ్ర, బబుల్ గమ్, టాఫీలు, చల్లారిన పరోటా సాగేవి. సాగేవాటితోనే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే అవి నోట్లో ఉన్నంతసేపూ కండరం పని చేస్తూనే ఉంటుంది. చెరకు గడ, జామకాయ, మొక్కజొన్న పొత్తు ముందు పళ్లతో కొరకాల్సినవి. వాటికి దవడ ముందుకు జరగాలి, నోరు బాగా తెరవాలి. జామకాయ పండినదైతే సన్నగా తరుక్కుని తినండి. ములక్కాడను పీల్చి పిప్పి చేయడం ఈ రెండు వారాలూ ఆపండి, సాంబారులో గుజ్జు మాత్రం గీరుకుని తినొచ్చు.

అన్నీ మిక్సీలో వేసుకుని తాగితే ఇంకా త్వరగా తగ్గుతుంది కదా?

తగ్గదు. దవడ పూర్తిగా కదలకపోతే కండరాలు బలహీనపడి, బిగుసుకుపోతాయి. తర్వాత చిన్న ముక్క నమిలినా నొప్పి వస్తుంది. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రెండు మూడు రోజులు జావ, సూప్, మజ్జిగ మీద ఉండొచ్చు. ఆ తర్వాత మెల్లిగా నమిలే మెత్తటి తిండికి రావాలి.

జొన్నరొట్టె లేకుండా నాకు ముద్ద దిగదు. ఏం చెయ్యను?

మానక్కర్లేదు, తినే పద్ధతి మార్చండి. రొట్టెను వేడిగా ఉండగానే గోరంత ముక్కలుగా తుంచి గిన్నెలో వెయ్యండి. గోరువెచ్చని పాలో, పల్చటి పప్పో మునిగేలా పోసి పది నిమిషాలు మూత పెట్టండి. ముక్క చెంచాతో నొక్కితే విడిపోయేంత నానాక తినండి. చల్లారి చెక్కలా అయిన రొట్టె, పెనం మీద మళ్లీ కాల్చిన రొట్టె మాత్రం వద్దు. చపాతీకి కూడా ఇదే పద్ధతి. పిండిని పాలతో కలిపి అరగంట నానబెడితే మరింత మెత్తగా వస్తుంది.

నాన్‌వెజ్ పూర్తిగా మానాలా?

అక్కర్లేదు. చేప పులుసు, గుడ్డు, కుక్కర్‌లో బాగా ఉడికిన కీమా తినొచ్చు. చికెన్ అయితే ఎముక నుంచి తీసి పీచులుగా విడదీసుకోండి. మటన్ ముక్కలు, ఎముక కొరకడం, తందూరీ, కబాబ్ ఆపండి. నాటుకోడి ఎంత ఉడికించినా పీచు వదలదు కాబట్టి పులుసు పోసుకుని ముక్క పక్కన పెట్టండి.

నాకు షుగర్ ఉంది. జావలు, మెత్తటి అన్నం తింటే పెరగదా?

పెరుగుతుంది, ఈ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. బాగా ఉడికి మెత్తబడిన పిండిపదార్థాలు త్వరగా అరిగి షుగర్‌ను ఎగదోస్తాయి. ప్లేటులో అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పనీర్, పెరుగు, మెత్తగా ఉడికిన కూర పెంచండి. పెసరట్టు మెత్తగా వేసుకుంటే మీకు బాగా పనికొస్తుంది. రాగి జావ ఒక్కటే గ్లాసుల కొద్దీ తాగకండి, అందులో పంచదారో బెల్లమో అసలు వద్దు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఈ రెండు వారాలు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోండి. మందు వేసుకుని సరిగా తినలేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. మోతాదు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

సరిగా తినలేక బరువు తగ్గిపోతున్నాను. బలం ఎలా వస్తుంది?

ప్రొటీన్ చూసుకోండి. మన దేశపు ప్రమాణాల ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, గ్లాసు పాలలో కూడా అంతే, గుప్పెడు కందిపప్పులో 6 నుంచి 7 గ్రాములు ఉంటాయి. అంటే రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలో పెరుగో, రెండు పూటలా గట్టి పప్పు ఉంటే చాలావరకు సరిపోతుంది, మిగతాది అన్నం, టిఫిన్ల నుంచి వస్తుంది. అన్నంలో నెయ్యి వేసుకోండి. వేయించిన పల్లీలను పొడి చేసి జావలో కలపండి. మూడు పూటల కంటే అయిదుసార్లు కొంచెం కొంచెంగా తినడం దవడకు తేలిక. నెలలో మూడు నాలుగు కిలోలు తగ్గిపోతే అది తిండి సమస్య అనుకుని ఊరుకోకండి, చూపించుకోండి.

నొప్పి లేని పక్కనే నమిలితే తప్పా?

నాలుగైదు రోజులు ఫరవాలేదు. అదే అలవాటైతే ఆ పక్క కండరం అలిసిపోయి, నొప్పి అటూ మొదలవుతుంది. చిన్న ముద్దలు పెట్టుకుని రెండు పక్కలా సమానంగా, నిదానంగా నమలండి. ఒక పక్క పుచ్చిపన్ను ఉండి నమలలేకపోతుంటే ముందు ఆ పన్ను బాగు చేయించుకోండి.

కారం, పులుపు వల్ల దవడ కండరం నొస్తుందా?

కారం వల్ల కాదు. పులుపు నోట్లో పెట్టగానే, లేదా తినబోయే ముందే దవడ కింద పొంగి నొప్పి వస్తే అది లాలాజల గ్రంథిలో రాయి కావచ్చు, చూపించుకోవాలి. ఆవకాయ మీద ఆంక్షలేమీ లేవు, ముక్క కొరక్కుండా గుజ్జు కలుపుకోండి.

## కాఫీ, మాత్రలు, ప్రత్యేక డైట్లు

కాఫీ, టీ మానెయ్యాలా?

కాఫీ కండరాన్ని నేరుగా పాడు చేయదు. అయితే నిద్రలో పళ్లు కొరికే అలవాటుకూ ఎక్కువ కెఫీన్‌కూ సంబంధం కనిపిస్తోంది. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుందన్నది ఇంకా స్పష్టం. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీ వద్దు. రోజుకు అయిదారు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒక రోజులోనే గట్టి తలనొప్పి మొదలై వారం వరకూ ఉండొచ్చు. దాన్ని చూసి దవడ నొప్పి ముదిరిందని కంగారు పడతారు. రెండు మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి.

మందు, సిగరెట్?

రెండూ నిద్రలో పళ్లు కొరకడంతో ముడిపడి ఉన్నాయి. పెయిన్ కిల్లర్ వేసుకుని మందు తాగితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

అజినొమోటో ఉన్న నూడుల్స్ తింటే నొప్పి ఎక్కువవుతుందా?

కొందరికి అవ్వొచ్చు. అజినొమోటోలో ఉండే గ్లుటమేట్‌ను పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు కొందరు ఆరోగ్యవంతులకు తలనొప్పి, తల చుట్టూ కండరాల్లో నొక్కితే నొప్పి వచ్చినట్టు చిన్న ప్రయోగాల్లో కనిపించింది. బండి మీద ప్లేటు ఫ్రైడ్ రైస్‌తో అంతా అదే జరుగుతుందని చెప్పలేం. రెండు వారాలు మానేసి చూడండి, తేడా లేకపోతే దాని గురించి మర్చిపోండి. టమాటా, పుట్టగొడుగుల్లోనూ సహజంగా గ్లుటమేట్ ఉందని అవి కూడా మానేసేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లక్కర్లేదు.

గోధుమలు మానేస్తే తగ్గిందని ఒకరు చెప్పారు. నేనూ మానాలా?

సీలియాక్ జబ్బు, అంటే గోధుమలోని గ్లూటెన్ పేగులకు పడని జబ్బు, ఉంటే తప్ప అక్కర్లేదు. చపాతీ, పూరీ, పరోటా మానినప్పుడు నమలడం కూడా బాగా తగ్గుతుంది, తగ్గుదల అందువల్ల కూడా రావచ్చు. సీలియాక్ అనుమానం ఉంటే గోధుమ మానేయకముందే రక్త పరీక్ష చేయించుకోండి, మానేశాక చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

మెగ్నీషియం, విటమిన్ డి, బి12 మాత్రలు వేసుకోవచ్చా?

లోపం ఉంటే వేసుకోవాలి, లేకపోతే డబ్బు దండగ. విటమిన్ డి బాగా తగ్గితే ఒళ్లంతా కండరాలు నొస్తాయి, మనవాళ్లలో ఈ లోపం చాలా మామూలు. శాకాహారులలో బి12 తక్కువగా ఉంటుంది. థైరాయిడ్ తగ్గినా, కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్రల వల్లా కండరాల నొప్పులు రావచ్చు. ఒంట్లో ఇంకెక్కడైనా నొప్పులుంటే ఈ పరీక్షలకు అర్థం ఉంది. దవడలో మాత్రమే నొప్పి ఉన్నప్పుడు మెగ్నీషియం మాత్రలు పని చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వాటిని సొంతంగా వేసుకోకూడదు.

పసుపు పాలు, అవిసె గింజలు?

తాగండి, తినండి, మంచి ఆహారమే. అవిసె గింజలు పొడి చేసుకుని పెరుగులో వేసుకుంటే నమిలే పని ఉండదు. దవడ నొప్పికి వాటిని మందుగా లెక్కవేయకండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు పసుపు క్యాప్సూల్స్ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు, కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు.

కార్తీకమాసం ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఉండొచ్చా?

చాలామంది ఉండగలరు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది: రోజంతా నీళ్లు, కాఫీ లేక తలనొప్పి వచ్చి దవడ బిగించడం, ఉపవాసం విడిచేటప్పుడు ఆకలి మీద గట్టివి గబగబా నమలడం. రోజాకు ముందు వారమే కాఫీ తగ్గించుకోండి. ఇఫ్తార్‌లో ఖర్జూరాన్ని ముక్కలు చేసుకుని, హలీంతో మొదలుపెట్టండి. హలీం మెత్తగా ఉంటుంది, ప్రొటీనూ ఉంటుంది. సోమవారం ఉపవాసం విడిచేటప్పుడు అరటిపండు, పాలు, ఆ తర్వాతే భోజనం.

## మళ్లీ మామూలు తిండికి

మెత్తటి తిండి ఎన్నాళ్లు? మామూలు తిండికి ఎప్పుడు మారాలి?

రెండు వారాలు చాలు, మరీ అయితే మూడు. నొప్పి సున్నా అయ్యేదాకా ఆగాలని చూడకండి. దీర్ఘకాలిక నొప్పి అలా ఒక్క రోజున ఆగిపోదు. సగం తగ్గిందనిపించినప్పుడే మొదలుపెట్టండి. మొదట మెత్తటి చపాతీ, బాగా ఉడికిన చికెన్, బెండకాయ వేపుడు. నాలుగైదు రోజులు చూసి క్యారెట్, బీన్స్, సన్నగా తరిగిన ఆపిల్. ఆ తర్వాతే మటన్, జంతికల లాంటివి, అదీ రెండు మూడు ముక్కలు. కొత్తది తిన్నాక కాస్త నొప్పి వచ్చి మర్నాటికి తగ్గిపోతే కొనసాగించండి. మర్నాడు కూడా ఉంటే ఒక మెట్టు కిందికి దిగండి.

దవడ బలపడటానికి చూయింగ్ గమ్ నమలొచ్చా?

వద్దు. నొప్పి ఉన్న కండరాన్ని గంటల తరబడి పని చేయించడమే అది. దవడ వ్యాయామాలు వేరు, అవి నిమిషాల్లో అయిపోతాయి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవాలి.

పెళ్లి భోజనం తర్వాత నొప్పి మళ్లీ వచ్చింది. మొత్తం మొదటికొచ్చినట్టేనా?

కాదు. ఎక్కువ వాడినందుకు కండరం అలిసింది, ఏదీ తెగిపోలేదు. రెండు మూడు రోజులు మెత్తగా తినండి. రోజుకు రెండుసార్లు 15 నిమిషాలు వేడి గుడ్డ కాపడం పెట్టండి, చర్మం కాలకుండా చూసుకోండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి పట్టుకోండి. తర్వాత ఇంతకుముందు తింటున్న దగ్గరి నుంచే కొనసాగించండి. ఇలాంటివి అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి, టెన్షన్ పడితే పళ్లు ఇంకా బిగుసుకుంటాయి.

## తగ్గకపోతే

ఇంత జాగ్రత్తగా తిన్నా ఎందుకు తగ్గడం లేదు?

ఎక్కువసార్లు కారణం భోజనం బయటే ఉంటుంది. తినడానికి పట్టేది రోజులో గంటో గంటన్నరో. మిగతా పదహారు గంటలు కంప్యూటర్ ముందు, ట్రాఫిక్‌లో, ఫోన్ చూస్తూ పళ్లు బిగించి ఉంటే ఎంత మెత్తటి తిండి తిన్నా కండరానికి విశ్రాంతి లేదు. పెదాలు కలిసి, పళ్లు విడిగా, నాలుక అంగిలికి తేలిగ్గా ఆని ఉండటం దవడ సహజ స్థితి. మింగేటప్పుడు, నమిలేటప్పుడు తప్ప పళ్లు తాకకూడదు. మానిటర్ అంచున, స్టీరింగ్ దగ్గర ఒక చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. కంటపడినప్పుడల్లా పళ్లు తాకుతున్నాయా చూసుకుని వదులు చేయండి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కూడా పళ్లు కొరికిస్తాయి. అవి మొదలుపెట్టాకే నొప్పి వచ్చి ఉంటే మందు మీరే ఆపకుండా రాసిన డాక్టర్‌కి చెప్పండి.

బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్), స్ప్లింట్ (పళ్లకు తొడిగే తొడుగు) అంటున్నారు. తిండి బదులు అవి చేయించుకోనా?

2023 బీఎంజే మార్గదర్శకం దీర్ఘకాలిక నొప్పికి ఈ రెండింటినీ మొదటి వరుసలో పెట్టలేదు. వాటివల్ల వచ్చే మేలు అంత ఖాయం కాదని వాడకపోవడం వైపే మొగ్గింది. పళ్లు అరిగిపోతుంటే కాపాడటానికి రాత్రిపూట స్ప్లింట్ ఇస్తారు, అది వేరే అవసరం. పళ్లను అరగదీసి పైపళ్లు, కిందిపళ్లు కలిసే తీరు మార్చడం లాంటి, వెనక్కి తీసుకోలేని వైద్యానికి నొప్పి భరించలేక ఒప్పుకోకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

డెంటల్ కాలేజీల్లో ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బులు, దవడ నొప్పులు చూసే) విభాగం ఉంటుంది, మొదట అక్కడికి వెళ్లండి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటులో అయితే ఓరల్ మెడిసిన్ నిపుణులను గానీ, ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ (నోరు, దవడ, ముఖానికి సంబంధించిన) సర్జన్‌ను గానీ అడగండి. పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందులన్నింటి చీటీ తీసుకెళ్లండి. వెళ్లేముందు ఒక వారం పాటు పొద్దున, రాత్రి నొప్పి పదికి ఎంతుందో, ఆ రోజు గట్టిది ఏం తిన్నారో, ఎలా నిద్రపట్టిందో ఒక కాగితం మీద రాయండి. పొద్దున నొప్పి ఎక్కువుంటే రాత్రి పళ్లు కొరకడం గురించి, సాయంత్రం ఎక్కువుంటే పగటి బిగింపు గురించి డాక్టర్ ముందు ఆలోచిస్తారు.